అర్ధబలము, పూర్ణమార్గము: షోలాపురపు తెలుగువారి బాహువ్యాయామము

తెలుగువారు ఒక పనిలో ఆరితేరినవానిని 'చేయి తిరిగినవాడు' అందురు. తల తిరిగినవాడన్నచో అర్థము వేరు. నేర్పు తలలో పుట్టినను చేతిలోనే నిలుచునని మన పెద్దలు కనుగొనిరి. నేతగాని విషయమున ఈ మాట అక్షరాల నిజము. పడుగు పేకల లెక్క ఎంత కంఠస్థమైనను, నాడె విసరు చేయి తిరుగనిదే బట్ట దిగదు. ఆధునిక శరీరశాస్త్రము కూడ ఈ నానుడికి సాక్ష్యము పలుకుచున్నది. మోచేతిని మడచు కండలలో ముఖ్యమైనదే ముంజేతిని త్రిప్పు కండ కూడను. మడచుట, త్రిప్పుట అను రెండు పనులును దానివే. ఆ కండ కొరకు చేతిలో బరువు పట్టి, మోచేతిని మడచి చాచు వ్యాయామము నేడు ప్రతి పేటలోను కనబడుచున్నది. దానిని మన యువకులు 'కర్ల్' అందురు. ఈ చిన్న వ్యాయామమునకు ఎంత చరిత్ర కలదో, అందలి సరియైన పద్ధతి యేదో, షోలాపురపు నేతవాడలలో పుట్టి పెరిగినవారికి ఆ పద్ధతి యేల ప్రాణప్రదమో చెప్పుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట ఊరి సంగతి. నేడు సోలాపూర్ అని వ్రాయబడు షోలాపురము పూర్వము సొన్నలిగె అను పేర ప్రసిద్ధము. 12వ శతాబ్దిలో సిద్ధరామేశ్వరునికి అది కర్మభూమి. ఆయన పేర వెలసిన చెరువు నేటికిని ఊరి నడుమ నున్నది. చేతి కష్టమునే పూజగా భావించిన శరణుల నేలయది. 19వ శతాబ్దిలో నిజాము రాజ్యములోని తెలంగాణ సీమనుండి పద్మశాలీలు ప్రధానముగను, ఇతర కులములవారు కొందరును, బ్రతుకుదెరువు వెదకికొనుచు ఈ ఊరు చేరిరి. 1860లో రైలు వచ్చెను. 1876–78 నాటి మహాక్షామము దక్కనును దహించెను. 1870 దశకముననే మొదటి నూలుమిల్లు వెలసినది. తరువాత లక్ష్మి, నర్సింగ్‌గిర్జి, విష్ణు మిల్లులు లేచినవి. ఆ మిల్లులన్నియు కాలక్రమమున మూతపడినవి. మగ్గములు మాత్రము మిగిలినవి. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట వంటి తూర్పు భాగపు పేటలలో నేటికిని ఇంటి మాట తెలుగు, వీధి మాట మరాఠీ. మార్కండేయుని గుడి కులమునకు కూడలి. షోలాపురపు దుప్పటి దేశమంతట పేరు మోసినది.

ఇట్లు వచ్చినవారు తమతో ఏమి తెచ్చుకొనిరి? పొలము లేదు, పెట్టుబడి లేదు. రెండు చేతులు, ఆ చేతులలో ఒక విద్య. ఆ రెండు చేతులే వారి ఆస్తి. ఆస్తిని కాపాడుకొనవలెనన్న తలంపు ఎవరికైనను సహజము. పొలము గలవాడు గట్టు వేయును, ధనము గలవాడు తాళము వేయును. చేతులే ధనమైనవాడు వ్యాయామము చేయవలెను. ఈ విషయమును మేము అలంకారముగ చెప్పుట లేదు. మోచేయి పట్టుకొనిపోయిన నేతగానికి ఆ పూట కూలి లేదు.

షోలాపురమునకు ఆగ్నేయమున, అక్కల్‌కోట దారిలో కుంభారి యను గ్రామము కలదు. చాలకాలము అది సామాన్యమైన పల్లె. బీడీలు చుట్టు స్త్రీల కొరకు అచ్చట 10,000 ఇండ్ల కాలనీ నిర్మింపబడి, 2006లో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ చేతులమీదుగా వారికి అప్పగింపబడెను. వారలీ గిరిజనుల పోరాటమునకు నాయకురాలైన గోదావరి పరులేకర్ పేర దానిని గోదూతాయి కాలనీ యందురు. ఆ వెనుక అసంఘటిత కార్మికుల కొరకు 30,000 ఇండ్ల రాయ్‌నగర్ పథకము అచ్చటనే తలపెట్టబడినది. అందలి 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ లబ్ధిదారులకు అంకితము చేసిరి. ఈ ఉద్యమములకు పూనుకొన్న నరసయ్య ఆడం షోలాపురపు తెలుగువారిలోనివారే. పేటలలోని ఇరుకు గదులనుండి మగ్గము పనివారు, బీడీ పనివారు ఇచ్చటికి తరలివచ్చిరి. ఇల్లు దొరికినది. ఆ ఇంటిలో బ్రతుకవలసిన దేహము సంగతి యేమి? ఈ ప్రశ్నతో మన పాత గరిడీల వైపు ఒకసారి చూచెదము.

వ్యాయామశాలను పాత తెలుగున గరిడి యనియు, సాముకూటమనియు అనిరి. కోస్తాంధ్రమున తాలింఖానా యనియు, మహారాష్ట్రమున తాలీమనియు వ్యవహారము. తాలీమనగా విద్య నేర్పుట యని అర్థము గల అరబ్బీ శబ్దము. అచ్చటి గురువును మనము వస్తాదు అందుము. అదియు గురువను అర్థము గల ఉస్తాదు శబ్దమునుండి వచ్చినదే. ఈ రెండు మాటలను బట్టియే ఒక సంగతి తెలియుచున్నది. మన పూర్వులు తాలీమును బరువులెత్తు చోటుగా గాక, విద్య నేర్చుకొను చోటుగా భావించిరి. విద్యకు పద్ధతి ముఖ్యము. పద్ధతి లేని బలమును వారు బలముగా లెక్కింపలేదు.

ఈ ప్రాంతమునకే చెందిన ప్రాచీనసాక్ష్య మొకటి కలదు. షోలాపురమునకు తూర్పుగా నున్న కల్యాణమును, అనగా నేటి బసవకల్యాణమును, రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమను మహాగ్రంథమును రచించెను. అందు మల్లవినోదమను ప్రకరణమున జెట్టీల దినచర్య వర్ణింపబడినది. ఇసుక నింపిన సంచి మొదలగు బరువులనెత్తు భారశ్రమ, నడకకు సంబంధించిన భ్రమణశ్రమ, నీటిలో దిగి చేయు సలిలశ్రమ, చేతుల కొరకే ప్రత్యేకించిన బాహుపేల్లణశ్రమ, కంబమును పట్టి ఎక్కు స్తంభశ్రమ అని అయిదు విధములు చెప్పబడినవి. అయిదింటిలో బరువునకు సంబంధించినది ఒక్కటియే యగుటయు, చేతుల కదలికకు వేరుగ ఒక పేరుండుటయు గమనింపదగినవి. తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే ఈ నేలమీద బాహువ్యాయామము ఒక శాస్త్రాంగముగ గుర్తింపబడినదన్నమాట.

తరువాతి కాలపు తాలీములలో దండీలు, బస్కీలు, ముద్గరములు, మల్లఖంబము, నడుమ పిడి గల రాతి నాల్ మొదలైనవి వాడుకలో నుండెను. ఉత్తరాంధ్రమున సంగిడి రాళ్లను ఎత్తు పోటీలు నేటికిని జాతరలలో జరుగుచున్నవి. కొల్హాపురమున శాహూ మహారాజు కుస్తీని పోషించి, 1912లో ఖాస్‌బాగ్ గోదాను కట్టించెను. ఆ గాలి షోలాపురము పేటలకును సోకినది. ఈ పాత సాధనలలో దేనిని పరిశీలించినను ఒక సామాన్యధర్మము కనబడును. దండీ తీయునప్పుడు మోచేయి పూర్తిగ మడచుకొని, పూర్తిగ చాచుకొనును. సగములో ఆగినదానిని వస్తాదు లెక్కలో వేయడు. ముద్గరము వీపు వెనుకకు పోయి, చుట్టు తిరిగి, ముందునకు రావలెను. మల్లఖంబమున చేయి చాచి పట్టి, మడచి దేహమును పైకి లాగవలెను. ఎక్కడను అరకదలిక లేదు. చేతిని మాత్రమే వేరుచేసి మడచు సాధన మన తాలీములలో ప్రధానము కాకపోయినను, చేయి తన దారినంతను నడువవలెనన్న నియమము అంతట నుండెను.

ఈ నియమమునకు జతయైన రెండవ నియమమును వైద్యులు చెప్పిరి. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయము దినచర్యను గూర్చినది. మనుష్యుడు తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని అందు విధించిరి. ఊపిరి నోటికి వచ్చుట సగము బలము తీరినదనుటకు గుర్తు. దానిని మీరినచో వ్యాయామమే వ్యాధి యగునని హెచ్చరించిరి. తాలీము చెప్పినది పూర్ణమార్గము, వైద్యుడు చెప్పినది అర్ధబలము. ఈ రెండును కలిసినదే మన వ్యాయామవిద్య. నేటి వ్యాయామశాలలలో కనబడునది పెక్కు చోట్ల దీనికి తలక్రిందులు: బలమంతయు ఒడ్డుదురు, దారి మాత్రము సగమే నడచెదరు. ఈ తలక్రిందు ఎట్లు వచ్చినదో చూడవలెను.

ఇనుప డంబెల్‌ను పట్టి చేతిని మడచు సాధన ఐరోపానుండి వచ్చినది. డంబెల్ అనగా మూగగంట యని అర్థము. దానిని ప్రపంచమంతట చాటినవాడు యూజిన్ శాండో. ఆయన 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గున పుట్టి, లండనులో స్థిరపడి, 1925లో మరణించెను. బలము, దానిని పొందు మార్గము అను విషయముపై ఆయన వ్రాసిన గ్రంథము 1897లో వెలువడినది. 1904–05లో ఆయన హిందూదేశమున పర్యటించెను. ఆయన ప్రభావము ఎంతటిదనగా, నేటికిని మనవారు చేతులు లేని బనియనును శాండో బనియను అనియే అడుగుదురు. ఆ బనియను నేయువారికి, తొడుగువారికి ఆ పేరు ఒక మనుష్యునిదని తెలియకపోవచ్చును. శాండో రంగస్థలముపై మహాభారములనెత్తి చూపెను గాని, జనులకు బోధించినది తేలికపాటి డంబెళ్లను. మోచేయి ప్రక్కకు ఆనించి, అరచేయి ముందునకు త్రిప్పి, ఒక చేయి తరువాత నొక చేయి నెమ్మదిగ మడచుట, మనస్సు కండమీద నిలుపుట ఆయన బోధలోని సారము. ఈ బోధకును మన తాలీము నియమమునకును విరోధము లేదు.

అదే కాలమున తెలుగుదేశమునుండి కోడి రామమూర్తి నాయుడు అవతరించెను. శ్రీకాకుళము సీమలోని వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామము నేర్పి, సర్కసు సంఘమును స్థాపించి, దేశవిదేశములలో కలియుగభీముడని పేరొందెను. ఏనుగును రొమ్ముపై ఎక్కించుకొనుట, ఉక్కు గొలుసును కండలు పొంగించి త్రెంచుట ఆయన ప్రదర్శనలు. పూనాలో లోకమాన్య తిలకు ఆయనకు మల్లమార్తాండ బిరుదమిచ్చెనని ప్రసిద్ధి. 1942లో ఆయన ఒరిస్సా సీమలో కన్నుమూసెను. దండీలు, బస్కీలు, ప్రాణాయామము ఆయన బలమునకు పునాదులు. అయితే జనులు పునాదిని చూచుటకు రారు, ఏనుగును చూచుటకు వత్తురు. శాండో విషయమునను, రామమూర్తి విషయమునను లోకము ప్రదర్శనను పట్టుకొని, సాధనను విడిచినది. ఎత్తిన బరువే బలమునకు కొలత యను భ్రమ ఇట్లు మొలకెత్తినది.

రెండవ భ్రమ అద్దమునుండి వచ్చినది. 1930లో బెంగుళూరునుండి కె. వి. అయ్యర్ కండల సంస్కారమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1951లో మనతోష్ రాయ్, 1952లో మనోహర్ ఐచ్ విశ్వసుందరదేహుల పోటీలలో తమ వర్గములలో గెలుపొందిరి. వీరు కఠోరసాధకులు, నమస్కరింపదగినవారు. కాని వారి చిత్రపటములను చూచి వ్యాయామము మొదలుపెట్టిన కుఱ్ఱవాడు చేతి దండలోని ఉబ్బు ఒక్కటే కోరును. ఉబ్బు కనబడునది చేయి మడచినప్పుడు గదా! కనుక అతడు పై సగములోనే చేతిని ఆడించును, క్రిందికి పూర్తిగ దింపడు. బరువు హెచ్చించిన కొలది నడుమును వెనుకకు విసరి, ఊపుతో ఎత్తును. అప్పుడు పని చేయునది దండ కాదు, నడుము. నష్టపోవునదియు నడుమే.

ఇపుడు కండ నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. చేతి దండ ముందు భాగమున నున్న కండకు పైన రెండు మొదళ్లు కలవు. రెండును భుజపుటెముకలోనే, వేర్వేరు చోట్ల పుట్టును. ఆ రెండును కలిసి మోచేతిని దాటి, ముంజేతిలో బొటనవ్రేలి వైపునున్న ఎముకకు అంటును. అందువలననే ఆ కండ ముడుచుకొన్నప్పుడు మోచేయి మడచుకొనుటయే గాక, అరచేయి పైకి తిరుగును. తలుపునకు మర బిగించు వడ్రంగి కుడిచేయి చేయు పని ఇదియే. దాని క్రింద మరియొక కండ కలదు. అది కేవలము మడచుటకే. అరచేయి క్రిందికి త్రిప్పి మడచినచో భారము ఎక్కువగ ఆ లోపలి కండమీదను, ముంజేతి కండమీదను పడును. కావున అరచేయి పైకి, లోపలికి, క్రిందికి మార్చి మార్చి మడచుట మంచిది.

చేయి పూర్తిగ చాచిన స్థితిని సున్న అనుకొన్నచో, పూర్తిగ మడచినప్పుడు అది సుమారు 140 డిగ్రీలు తిరుగును. ఈ దారిలో భారము అంతట ఒక్క తీరుగ నుండదు. బావివద్ద ఏతము త్రొక్కినవారికి ఈ రహస్యము తెలియును. ఏతపు మ్రాను అడ్డముగ నున్నప్పుడు బరువు మిక్కిలి లాగును, నిలువైన కొలది తేలికపడును. అట్లే ముంజేయి నేలకు సమానముగ నున్నప్పుడు చేతిలోని గుండు మిక్కిలి బరువనిపించును. మోసము జరుగు చోటు అదియే. అచ్చట చేయి ఓడిపోవుటచే నడుము ఊగును, మోచేయి ముందునకు జారును, భుజము పైకి లేచును. ఆ కష్టపు మలుపును నిదానముగ దాటగలిగిన బరువే మనకు తగిన బరువు.

సరియైన పద్ధతి యిది. పాదములను భుజముల వెడల్పున నుంచి నిటారుగ నిలువవలెను. మోచేతులను పక్కటెముకలకు దగ్గరగ నుంచి, సాధనయంతట అచ్చటనే నిలుపవలెను. మణికట్టు వంగరాదు. అరచేయి ముందునకు చూచుచుండగా ఊపిరి వదలుచు ముంజేతిని పైకి తేవలెను. ముంజేయి దండను సమీపించినంతట క్షణమాగవలెను. పిమ్మట ఊపిరి పీల్చుచు, ఎత్తిన దానికంటె నెమ్మదిగ దింపవలెను. ఎత్తుటకు రెండు లెక్కలైనచో దించుటకు మూడు నాలుగు లెక్కలు పట్టవలెను. చేయి పూర్తిగ చాచుకొనువరకు దింపవలెను గాని, కీలు కొట్టుకొనునట్లు జార విడువరాదు. ఇట్లు పదిమార్లు చేయుటకు వీలగు బరువునే పట్టవలెను. ఎనిమిదవసారికే నడుము ఊగినచో బరువు ఎక్కువైనదని అర్థము, తగ్గించుటలో చిన్నతనము లేదు. కీలులో పోటు పుట్టినచో ఆపి వైద్యునికి చూపవలెను.

ఈ పద్ధతి కేవలము పెద్దల మాట యని కొట్టివేయరాదు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల కండబలమును తిరిగి నిలుపుటకు అమెరికా సైనికవైద్యుడు థామస్ డిలోర్మ్ బరువులతో చికిత్స సాగించి, 1945లో తన ఫలితములను ప్రకటించెను. కీలు తన దారి పొడుగునను కదలవలెననుట ఆ చికిత్సలో భాగము. 1948లో ఆయన, వాట్కిన్స్ అను మరియొక వైద్యుడు కలిసి మూడు విడతల క్రమమును సూచించిరి. పదిమార్లు ఎత్తగల బరువులో మొదటి విడత సగము, రెండవ విడత ముప్పాతిక, మూడవ విడత పూర్తి. సగము బరువుతో మొదలిడుట సుశ్రుతుని స్మరింపజేయుచున్నది గాని, వారికి సుశ్రుతునితో పని లేదు. అనుభవము ఎచ్చటనైనను ఒక్క తీరుగనే మాటాడును.

2012లో బ్రెజిలు పరిశోధకులు సరిగా ఈ చేతిమడతనే పరీక్షించిరి. అనుభవము లేని యువకులను జట్లుగ విభజించి 10 వారములు సాధన చేయించిరి. ఒక జట్టు సున్ననుండి 130 డిగ్రీల వరకు, రెండవ జట్టు 50నుండి 100 డిగ్రీల వరకు మాత్రమే చేతిని మడచినది. సగము దారి నడచినవారు ఎక్కువ బరువు పట్టిరి. అయినను బలము వృద్ధియైనది పూర్తి దారి నడచినవారికే ఎక్కువ: నూటికి సుమారు 26 పాళ్లు, రెండవ జట్టువారికి 16 పాళ్లు. 2021లో ప్రచురితమైన మరియొక పరిశోధనలో, మడచిన వైపు సగముకంటె చాచిన వైపు సగమే కండకు ఎక్కువ మేలు చేసినట్లు తేలినది. అలసటచే దారి తగ్గింపక తప్పనిచో పై భాగమును తగ్గించవచ్చును గాని, క్రింది భాగమును విడువరాదని దీని తాత్పర్యము. అద్దమును చూచి కండ పెంచువాడు విడిచివేయునది సరిగా ఆ క్రింది భాగమే!

ఇచ్చట మన నేతవాడల ప్రశ్న ఎదురగును. గుంటమగ్గమువద్ద కూర్చున్న నేతగాని చేయి ఏమి చేయుచున్నది? పాత పద్ధతిలో ఒక చేతితో నాడె విసరి, రెండవ చేత పట్టి, అచ్చును దగ్గరకు కొట్టును. తాడు లాగు మగ్గము వచ్చిన తరువాత ఒక చేయి తాడును లాగును, రెండవది పేకను కొట్టును. దినమునకు కొన్ని వేలమార్లు ఈ కదలిక జరుగును. అయినను మోచేయి పూర్తిగ చాచుకొనుటయు లేదు, పూర్తిగ మడచుకొనుటయు లేదు. నడిమి దారిలోనే పోవుచు వచ్చుచుండును. మరమగ్గము వచ్చినది. కొట్టుడు తగ్గినది గాని, తెగిన పోగు ముడివేయుటకును, కండె మార్చుటకును చేతులు ముందునకు సగము మడచి గంటల కొలది నిలుచుటయే పని. బీడీ చుట్టు స్త్రీ సంగతి ఇంకను కష్టము. ఒడిలో చేట, చేతిలో కత్తెర, ముందు తునికాకు. కూలి వెయ్యి బీడీలకు ఇంత యని లెక్క. వెయ్యి పూర్తియగువరకు మోచేతులు మడతలోనే యుండును, వ్రేళ్లు మాత్రమే పరుగెత్తును.

దినమంతయు కష్టపడువానికి మరల వ్యాయామమెందుకని కొందరు అడుగుదురు. కష్టము వేరు, వ్యాయామము వేరు. కష్టములో చేయి పనికి లోబడి కదలును, పనికి కావలసినంత మేరకే కదలును. వ్యాయామములో చేయి తన కొరకు తాను కదలును. బండి ఎద్దు రోజంతయు నడచును, కాని అది గానుగ చుట్టు నడచిన నడకయైనచో ఒక వైపే అరిగిపోవును. కదలిక మానిన భాగమున కీలు బిగుసుకొనును, కండ పొట్టియగును. సగము దారిలో జీవితమంతయు గడపిన చేతికి, వ్యాయామములో కూడ సగము దారియే చూపించుట న్యాయమా? కుంభారిలోని యువకుడు మగ్గము దిగి వచ్చి, పెద్ద గుండు పట్టి, పై సగములో చేతిని ఆడించినచో, తన వృత్తి చేసిన లోపమునే మరల బలపరచుకొనుచున్నాడు. తేలిక గుండు పట్టి పూర్తిగ చాచి మడచినచో, వృత్తి తీసికొనినదానిని కొంతవరకైనను తిరిగి రాబట్టుకొనును.

ఈ చరిత్రలో ఒక పెద్ద లోటు కలదు. తాలీము మగవారి సొత్తుగనే యుండిపోయినది. ఆసు పోసినది, కండెలు చుట్టినది, బీడీలు చుట్టినది స్త్రీలు. వారి చేతులకు వస్తాదు లేడు, గోదా లేదు. కుంభారి కాలనీలోని వేల ఇండ్లు ముఖ్యముగ ఆ స్త్రీల కష్టముపై నిలిచినవి. వారికి ఇనుప గుండ్లు అక్కరలేదు. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. నీటితో నింపిన సీసాయే చాలు. చేట ప్రక్కన బెట్టి లేచి, మోచేతులు ప్రక్కకు ఆనించి, పూర్తిగ చాచి, అరచేయి పైకి త్రిప్పుచు పూర్తిగ మడచి, నెమ్మదిగ దింపుచు పదిమార్లు చేసినచో రెండు నిమిషములు పట్టదు. పిమ్మట చేతులను వెనుకకు చాచి, భుజములను ఒకసారి విప్పుకొనవలెను. వందల బీడీల కొకసారి ఇట్లు లేచినచో కూలిలో తగ్గునది స్వల్పము. చేయి కొన్నేండ్లు ఎక్కువ పని చేసినచో కలుగు లాభము దానికి ఎన్నో రెట్లు.

ప్రతి కాలనీలోను మందిరమునకు, సభామంటపమునకు చోటు వదలుచున్నాము. అట్లే ఒక తాలీమునకును చోటు వదలవలెను. అందు ఉదయము స్త్రీలకును, సాయంకాలము పురుషులకును వేళలుండవలెను. అచ్చటి గోడమీద ఎవరు ఎంత బరువెత్తిరో వ్రాయనక్కరలేదు. ఎవరు ఎంత నిండుగ చేయి చాచి మడచిరో చూచుటకు చేయి తిరిగిన వస్తాదు ఒకరుండిన చాలును. మన పూర్వులు తెలంగాణనుండి మోసికొని వచ్చిన ఆస్తి ఈ చేతులే. వాటిని సగము బలముతో, పూర్తి దారిలో నడిపించుట మనము నేర్చుకొని, మన ఆడబిడ్డలకు, మగబిడ్డలకు సమానముగ నేర్పినచో, ఆ ఆస్తి తరుగక మరుతరమునకు అందగలదు.